ఒకే కుర్చీ, ఇద్దరు మంచివాళ్లు: ప్రమోషన్లు నిర్ణయించే పెద్దలకు ఒక బహిరంగ లేఖ

ప్రమోషన్ల జాబితా మీద సంతకం పెట్టే అధికారులకు, హెచ్‌ఆర్ విభాగాల పెద్దలకు, "ఈసారి నీదేలే" అని భుజం తట్టే మేనేజర్లందరికీ,

నమస్కారం.

మిమ్మల్ని ఒక సినిమా చూడమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. దాని పేరు 'ది ప్రమోషన్'. 2008లో వచ్చిన అమెరికన్ సినిమా. గంటన్నర కూడా ఉండదు. షికాగోలో ఒక సూపర్‌మార్కెట్, అందులో పనిచేసే ఇద్దరు అసిస్టెంట్ మేనేజర్లు, ఆ కంపెనీ కొత్తగా తెరవబోతున్న ఇంకో స్టోర్, దానికి కావలసిన ఒక్క మేనేజర్. కథ మొత్తం ఇదే. ఆ ఒక్క కుర్చీ ఇద్దరికీ కావాలి. ఇద్దరూ మంచివాళ్లే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఏదో కాలక్షేపానికని ఒక రాత్రి ఈ సినిమా పెట్టుకున్నాను. మొదటి అరగంట హాయిగా నవ్వుకున్నాను. సగానికి వచ్చేసరికి ఆపేసి లేచాను. వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి, ఖాళీ గ్లాసు చేత్తో పట్టుకుని సింకు దగ్గర అలాగే నిలబడిపోయాను. నేను చేసిన, ఎవరికీ చెప్పుకోని పనిలాంటిదే తెర మీద ఇంకొకరు చేస్తున్నారు. అదేమిటో కాసేపట్లో చెబుతాను. ఈ సినిమా చూసినవాళ్లు తక్కువ కాబట్టి ముందు దాని సంగతి చెప్పనివ్వండి.

డగ్ స్టాబర్ డోనాల్డ్‌సన్స్ అనే స్టోర్‌లో అసిస్టెంట్ మేనేజర్. భార్య జెన్‌తో కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. ఆ గోడలు ఎంత పలచనంటే పక్కింటి చప్పుళ్లన్నీ వీళ్లింట్లోనే. కొత్త స్టోర్‌కు మేనేజర్‌వి నువ్వే అన్న భరోసా పట్టుకుని ఇంటికెళ్లి భార్యకు చెప్పేస్తాడు. ఆ ధీమాతో సొంతిల్లు కొనడానికి అడ్వాన్సు కూడా కట్టేస్తాడు. ఆ అడ్వాన్సు తిరిగి రాదు. ఇంతలో కెనడా నుంచి రిచర్డ్ వెల్నర్ అనే మనిషి దిగుతాడు. అతనూ అసిస్టెంట్ మేనేజరే, అతనూ ఆ పోస్టుకు అర్హుడే. భార్య, చిన్న కూతురు ఉన్నారు. ఒకప్పుడు వ్యసనాల్లో పడి కొట్టుకుపోయి, ఎలాగో ఒడ్డెక్కి, ఇక మీదట మంచి మనిషిగా బతకాలని తపన పడుతున్నవాడు. వ్యక్తిత్వ వికాసం టేపులు వింటూ తనకు తానే ధైర్యం చెప్పుకుంటూ ఉంటాడు.

మామూలు సినిమా అయితే ఇక్కణ్ణుంచి ఏం చేస్తుందో మీకూ తెలుసు. రిచర్డ్‌కు ఒక వంకర నవ్వు తగిలిస్తుంది. బాస్ ముందు ఒక మాట, వెనక ఒక మాట అనిపిస్తుంది. మనం నిశ్చింతగా డగ్ పక్షాన చేరిపోతాం. ఈ సినిమా ఆ వెసులుబాటు ఇవ్వదు. కథ చెప్పే గొంతు డగ్‌దే అయినా, రిచర్డ్ ఇంట్లోకి కూడా మనల్ని తీసుకెళ్లి కూర్చోబెడుతుంది. అతని భయం చూశాక, అతని భార్య అతని మీద పెట్టుకున్న నమ్మకం చూశాక, ఈ మనిషి ఓడిపోవాలని కోరుకోవడం మన వల్ల కాదు. డగ్ గెలవాలి అనుకుంటూనే రిచర్డ్ ఓడకూడదు అనుకుంటాం. రెండూ కుదరవని తెలిసీ అనుకుంటాం.

ఇక నవ్వు సంగతి. ఈ సినిమాలో నవ్వు చాలావరకు ఇద్దరు మర్యాదస్తులు ఒకరితో ఒకరు మసలుకునే తీరులోంచి పుడుతుంది. పలకరించే ముందు అర సెకను ఆగడం. అభినందించడానికి చెయ్యి చాపుతూనే కళ్లు పక్కకు తిప్పుకోవడం. అవతలివాడి పొరపాటు పైవాళ్ల చెవిన వేయాలన్న మాట నాలుక చివరి దాకా రావడం, దాన్ని మింగేయడం, మింగిన కాసేపటికి ఆగలేక సగం కక్కేయడం. కెమెరా వాళ్ల పక్కన ఊరికే నిలబడి చూస్తుంది. ఇక్కడ నవ్వాలి అని మోచేత్తో పొడవదు. అందుకే ఈ నవ్వు గదిలో అందరితో కలిసి నవ్వేది కాదు, ఒక్కరే కూర్చుని, తమను తాము ఎక్కడో గుర్తుపట్టి నవ్వేది.

రిచర్డ్‌గా చేసిన జాన్ సి. రైలీని చూడటానికైనా ఈ సినిమా చూడాలి. 2002లో వచ్చిన 'షికాగో'లో ఎవరి కంటికీ ఆనని భర్తగా నటించి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నారాయన. ఇక్కడ అలాంటి మనిషే, కాకపోతే ఇప్పుడు అందరి కంటికీ ఆనాలని పడరాని పాట్లు పడుతున్నాడు. అంత పెద్ద ఒళ్లు, దాన్ని ఎక్కడ నిలబెట్టాలో తెలియని మొహమాటం, తప్పు మాట దొర్లగానే దాన్ని సర్దబోయి ఇంకో తప్పు మాటలో పడటం. డగ్‌గా చేసిన షాన్ విలియం స్కాట్ 1999లో 'అమెరికన్ పై'తో ఒట్టి అల్లరి పాత్రకు పేరుపడ్డ నటుడు. ఆ అల్లరంతా మడిచి లోపల దాచేసి, గొంతు పెంచకుండా, లోలోపల ఉడికిపోయే మనిషిగా కనిపిస్తాడు. తనను జనం గుర్తుపట్టే గుణాన్నే పక్కన పెట్టడం ఒక నటుడికి చిన్న విషయం కాదు. ఆ పని అతను ఎంత బాగా చేశాడో ఎవరూ పెద్దగా చెప్పుకోలేదన్నది నా బాధ.

అదే 2008 వేసవిలో రైలీ నటించిన ఇంకో కామెడీ వచ్చింది, 'స్టెప్ బ్రదర్స్'. అదీ ఇద్దరు మగాళ్ల పంతాల కథే. అరుపులు, కేకలు, కొట్లాటలు. అమెరికాలోనే 10 కోట్ల డాలర్లు వసూలు చేసింది. 'ది ప్రమోషన్' ఆ జూన్‌లోనే కొద్దిపాటి థియేటర్లలో విడుదలై సద్దు లేకుండా వెళ్లిపోయింది. గట్టిగా అరిచిన సినిమా మీద నాకేమీ కోపం లేదు, అదీ చూసి నవ్వాను. మెల్లగా మాట్లాడే సినిమాకు చెవి ఒగ్గేవాళ్లు కరువవుతున్నారన్నదే దిగులు. మీ మీటింగుల్లో కూడా ఇదే జరుగుతుంది. గొంతున్నవాడు చెప్పింది మినిట్స్‌లోకి ఎక్కుతుంది. చివరి వరసలో ఒకరు మెల్లగా అన్న మాట, అది ఎంత పనికొచ్చేదైనా, గాలికి పోతుంది.

ఇలాంటి సినిమాలకు ఆలస్యంగా దారి దొరకడం కొత్త కాదు. 1999లో వచ్చిన 'ఆఫీస్ స్పేస్' థియేటర్లలో అంతంతమాత్రంగా ఆడి, తర్వాత ఇళ్లలో వీడియోల మీద చూసినవాళ్లు ఒకరికొకరు చెప్పుకోవడంతో నిలబడింది. ఇప్పుడు ఆఫీసు జీవితం మీద సినిమా అంటే చాలామంది ముందు దాని పేరే చెబుతారు. 'ది ప్రమోషన్'కూ అలాంటి రోజు రావాలని నా కోరిక. ఈ ఉత్తరం రాయడానికి అది కూడా ఒక కారణం.

దీన్ని రాసి తీసినాయన స్టీవ్ కాన్రాడ్. దర్శకుడిగా ఇదే మొదటి సినిమా. అంతకు రెండేళ్ల ముందు, 2006లో వచ్చిన 'ది పర్స్యూట్ ఆఫ్ హ్యాపీనెస్' రాసింది కూడా ఈయనే. విల్ స్మిత్ నటించిన ఆ సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. నేను హాజరైన ఒక ట్రైనింగ్‌లో దాని చివరి ఘట్టం వేసి చూపించారు. జీతం లేని ఇంటర్న్‌షిప్, 20 మంది పోటీ, చివరికి ఉద్యోగం ఒక్కరికి. హీరోకు ఆ ఉద్యోగం వచ్చిందని తెలిసిన క్షణంలో అతని కళ్లు తడిసిపోతాయి. ఆ గదిలో చూస్తున్న మా అందరి కళ్లూ తడిశాయి.

ఆ సాయంత్రం మిగతా 19 మంది ఇంటికెళ్లి ఏం చెప్పుకున్నారో ఆ సినిమా చూపించలేదు. మేమూ అడగలేదు. రెండేళ్ల తర్వాత అదే రచయిత 20 మందిని ఇద్దరికి కుదించి, ఆ రెండో మనిషికి పేరు పెట్టి, సంసారం ఇచ్చి, గతం ఇచ్చి, మన ముందుకు తెచ్చాడు. ఈ రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టుకుని చూడమని మిమ్మల్ని కోరుతున్నాను. ఉద్యోగులకు మొదటిది ఒక్కటే చూపిస్తే సగం సంగతి దాచినట్టే.

ఇక నా విషయం.

మా ఆఫీసులో సెక్షన్ హెడ్ పోస్టు ఖాళీ అయినప్పుడు అర్హత ఉన్నది మా ఇద్దరికే. ఏడేళ్లుగా పక్కపక్క టేబుళ్లు మావి. మధ్యాహ్నం భోజనానికి కలిసే వెళ్లేవాళ్లం. ఒకరోజు మా పైఅధికారి నన్ను విడిగా పిలిచి, "నీ పేరే రాస్తున్నా. బయట మాత్రం అనకు" అన్నారు. అదే వారంలో అతన్నీ పిలిచి అదే మాట అన్నారని చాలా కాలం తర్వాత తెలిసింది. ఆయన చెడ్డవారు కాదు. అలా చెబితే ఇద్దరం హుషారుగా పనిచేస్తామనుకుని ఉంటారు. హుషారు వచ్చిన మాట నిజమే. అంతకుముందు ఆరింటికల్లా సీట్లోంచి లేచేవాళ్లం కాస్తా ఏడున్నర అయినా కదిలేవాళ్లం కాదు. పని ఉండి కాదు. అవతలి టేబుల్ దగ్గర లైటు ఆరితే తప్ప ఇవతలి టేబుల్ లైటు ఆర్పకూడదన్న పంతం.

ఒక శుక్రవారం అతని కూతురికి జ్వరం ఎక్కువై ఆస్పత్రిలో చేర్చారని ఫోన్ వచ్చింది. అప్పుడే పూర్తిచేసిన మూడు నెలల స్టేట్‌మెంట్ నా టేబుల్ మీద పెట్టి, "ఒక్కసారి చూసి పంపించెయ్, నీకు పుణ్యముంటుంది" అని పరుగెత్తాడు. నేను చూశాను. మూడో కాలమ్‌లో ఒక అంకె రెండుసార్లు పడింది, అడుగున మొత్తం తప్పింది. పెన్సిల్ తీశాను. ఆ అంకె చుట్టూ సున్నా చుట్టబోయి ఆగాను. ఎంతసేపు ఆగానో చెప్పలేను. పెన్సిల్ తిరిగి స్టాండ్‌లో పెట్టేశాను. కాగితాన్ని ఉన్నదున్నట్టుగా పంపించాను.

సోమవారం మీటింగ్‌లో అందరి ముందూ అతన్ని నిలబెట్టి అడిగారు. కూతురు ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. మూడు రాత్రులు నిద్ర లేని ముఖం. "పొరపాటైంది సార్" అన్నాడు, అంతే. నావైపు చూడలేదు. నేను నా ముందున్న ఫైలు వైపు చూస్తూ కూర్చున్నాను.

పోస్టు నాకే వచ్చింది.

అలా చేయమని నాకెవరూ చెప్పలేదు. ఆ తప్పును మీ నెత్తిన రుద్దడానికి ఈ ఉత్తరం రాయడం లేదు, అది నాదే. కానీ ఒక్క సంగతి గమనించమంటాను. అంతకుముందు ఏడేళ్లలో అలాంటి కాగితాలు మా మధ్య ఎన్నిసార్లు చేతులు మారాయో లెక్కే లేదు. అతని తప్పుల చుట్టూ నేను సున్నాలు చుట్టాను, నా తప్పుల చుట్టూ అతను చుట్టాడు. మా ఆఫీసు లెక్కలు సరిగ్గా ఉన్నాయంటే అందుకే ఉన్నాయి. ఆ శుక్రవారం పెన్సిల్ పట్టుకున్నదీ నేనే, అంతకుముందు ఏడేళ్లు పట్టుకున్నదీ నేనే. మధ్యలో కొత్తగా వచ్చింది ఆ కుర్చీ ఒక్కటే.

'ది ప్రమోషన్'ను సగంలో ఆపి నేను లేచింది ఇందుకు. డగ్, రిచర్డ్ ఇద్దరూ గోతులు తవ్వే రకం కాదు. చిన్న చిన్న పనులే చేస్తారు. చెప్పాల్సిన మాట చెప్పకుండా వదిలేయడం, అక్కర్లేని మాట సరైన చెవిన పడేలా అనడం, అవతలివాడు తడబడుతుంటే ఆదుకోకుండా నిలబడి చూడటం. ఒక్కొక్కటీ విడిగా చూస్తే నేరం కాదు. చేసిన ప్రతిసారీ తమ ముఖం తామే చూసుకోలేకపోతారు, అయినా మళ్లీ చేస్తారు. విలన్‌ను పెట్టి తీసిన సినిమా అయితే నేను హాయిగా చివరిదాకా చూసి, వాడు వేరు నేను వేరు అనుకుని పడుకునేవాణ్ణి. ఈ సినిమా నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఎవరి మీదా చెయ్యి చేసుకోకుండా, ఎవరికీ పాఠం చెప్పకుండా, నవ్విస్తూ నవ్విస్తూ తీసుకెళ్లి నన్ను ఆ శుక్రవారం ముందు నిలబెట్టింది.

సినిమా చూసిన వారానికి అతనికి ఫోన్ చేశాను. అప్పటికి అతను వేరే ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు దాటింది. స్టేట్‌మెంట్ సంగతి దాచకుండా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. "ఆ కాలమ్ గొడవ నాకు గుర్తే లేదు" అన్నాడు చివరికి. మళ్లీ కొంచెం ఆగి, "నువ్వు నాతో భోజనానికి రావడం మానేశావు చూడు, అది గుర్తుంది" అన్నాడు.

నిజమే, మానేశాను. పెన్సిల్ సంగతి నాలుగేళ్లుగా నన్ను పొడుస్తూనే ఉంది. ఈ సంగతి మాత్రం అతను చెప్పేదాకా నాకు తట్టనే లేదు.

ఇదంతా ఒక్క మనిషి మనోవేదన అని మీరు పక్కన పెట్టకుండా ఇంకో మాట. ప్రమోషన్లను టోర్నమెంటుతో పోల్చి లెక్కగట్టిన ఆర్థికవేత్తలు ఉన్నారు. ఎడ్వర్డ్ లాజియర్, షెర్విన్ రోజెన్ 1981లో రాసిన వ్యాసం ఈ విషయంలో మొదట చెప్పుకోదగ్గది. ఎవరు ఎంత పని చేశారో విడిగా తూచడం కష్టమైన చోట, ఎవరు ముందున్నారో చూసి బహుమతి ఇచ్చినా జనం కష్టపడతారన్నది దాని సారాంశం. మీ పద్ధతికి ఇది బలమే. అయితే అదే లాజియర్ 1989లో దీని రెండో వైపు కూడా రాశారు. పక్కవాడికంటే ముందుండటానికే ఫలితం ఉన్నప్పుడు, నేను ఒక మెట్టు ఎక్కినా, పక్కవాడు ఒక మెట్టు జారినా నాకు ఒరిగేది ఒకటే. అలాంటప్పుడు సాయం తగ్గుతుంది, అడ్డుపుల్లలు పెరుగుతాయి. గెలిచినవాడికీ ఓడినవాడికీ మధ్య అంతరం ఎంత పెద్దదైతే ఆ ముప్పు అంత పెద్దది. కలిసి చేయాల్సిన పని ఎక్కువున్న చోట ఆ అంతరాన్ని తగ్గించడమే మేలన్నది ఆయన వాదన. నా టేబుల్ మీది పెన్సిల్‌కు ఇంతకంటే సరైన వివరణ నాకు ఎక్కడా దొరకలేదు.

ఉద్యోగులను వరసలో నిలబెట్టి ఇంతమంది మేలు, ఇంతమంది నాసి అని కోటా ప్రకారం మార్కులు వేసే పద్ధతిని మైక్రోసాఫ్ట్ ఏళ్ల తరబడి నడిపి, 2013 నవంబరులో వదిలేసింది. కలిసి పనిచేయడం మీద దృష్టి పెట్టాలని చెప్పే వదిలింది. అంత పెద్ద సంస్థ వెనక్కి తీసుకోగలిగిన నిర్ణయాన్ని మీరు కనీసం ఒకసారి తిరగేసి చూడవచ్చు.

మళ్లీ సినిమా దగ్గరికి వస్తాను. అందులో మీరూ ఉన్నారు. పోస్టు ఎవరికి ఇవ్వాలో తేల్చే బోర్డు సభ్యులు. వాళ్లనూ దర్శకుడు రాక్షసులుగా చూపించలేదు, అది గమనించండి. వాళ్లకు అది ఆ రోజు ఎజెండాలో ఒక అంశం. డగ్‌కు అది ఇల్లు. ఈ తేడా మీద సినిమా ఎక్కడా ఉపన్యాసం దంచదు. వాళ్ల ముఖాల్లోని నింపాదినీ, డగ్ ముఖంలోని ఆత్రాన్నీ మన ముందు పెట్టి ఊరుకుంటుంది.

నన్ను బాగా పట్టి కుదిపింది పార్కింగ్ గొడవ. స్టోర్ ముందు పార్కింగ్ స్థలంలో కొందరు కుర్రాళ్లు గుంపుగా చేరి వచ్చేపోయేవాళ్లను వేధిస్తుంటారు. అది డగ్ తెచ్చిన సమస్య కాదు, అతని ఒక్కడి చేతుల్లో తీరేదీ కాదు. అయినా దాన్ని అతను ఎలా సర్దాడన్నది అతని యోగ్యత ఖాతాలోకే వెళుతుంది. మీరు కూడా ఇలా ఎన్నిసార్లు అదృష్టాన్ని ప్రతిభ అనుకుని రాసుకుని ఉంటారు? ఆ శుక్రవారం జ్వరం అతని కూతురికి వచ్చింది. నా ఇంట్లో ఎవరికో వచ్చి ఉంటే స్టేట్‌మెంట్ నాది అయ్యేది, పెన్సిల్ అతని చేతిలో ఉండేది. అతను సున్నా చుట్టేవాడేమో.

ఇంకొకరి గురించి చెప్పకుండా ఉండలేను. డగ్ భార్య జెన్‌గా నటించిన జెన్నా ఫిషర్. 'ది ఆఫీస్' సీరియల్‌లో రిసెప్షనిస్టుగా లోకమంతటికీ తెలిసిన ఆమె ఇక్కడ తక్కువసేపే కనిపిస్తుంది. ఆమె పాత్ర భర్తను సాధించదు, అది కావాలి ఇది కావాలి అనదు. నమ్ముతుంది, అంతే. ఆ నమ్మకమే డగ్ భుజాల మీద అన్నిటికంటే పెద్ద బరువు. రిచర్డ్ భార్యగా లిలీ టేలర్ కూడా అంతే. మీరు ఇద్దరి మధ్య పోటీ పెట్టామనుకుంటారు. రెండు ఇళ్ల మధ్య పెడుతున్నారు.

అందుకే మీకు కొన్ని విన్నపాలు. కుర్చీలు పెంచమని అడగడం లేదు. ఒకటే ఉంటే ఒకరికే ఇస్తారు, అది అర్థమవుతుంది. కానీ ఇద్దరినీ విడివిడిగా పిలిచి ఇద్దరికీ నీదే అని చెప్పకండి. ఆ మాట మీకు ఒక నిమిషం పని. దాన్ని నమ్మి ఇక్కడ ఒకరు తిరిగి రాని అడ్వాన్సు కడతారు. ఏం చూసి ఇస్తారో ముందే రాసి ఇద్దరికీ చూపించండి. చూపించాక మధ్యలో మార్చకండి. ఒకరి గురించి ఇంకొకరిని అడగకండి, "అతను ఎలా చేస్తున్నాడంటావ్?" అని కాలక్షేపానికి కూడా అడగకండి. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పగలిగే స్థితిలో ఆ మనిషి ఉండడు. నిర్ణయాన్ని నెలల తరబడి నానబెట్టకండి. నాన్చిన ప్రతి వారమూ ఇద్దరు మనుషులు లైట్లు ఆర్పకుండా కూర్చుంటారు. పక్కవాడి కాగితంలో తప్పు పట్టి దిద్ది ఇచ్చినవాడి పేరు కూడా ఎక్కడో ఒకచోట రాసుకోండి. ఇప్పటిదాకా మీ ఫారాల్లో దానికి గడి లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరిది. ఫలితం తేలాక, రానివారిని ముందు పిలవండి. మెయిల్ పంపకండి, నోటీసు బోర్డు చూసి తెలుసుకోనివ్వకండి, మూడో మనిషి నోటి నుంచి విననివ్వకండి. తలుపు వేసి, కూర్చోబెట్టి, మీరే చెప్పండి. ఎందుకు రాలేదో ఉన్నదున్నట్టు చెప్పండి. అడిగినదానికి జవాబు చెప్పండి. నాకు పోస్టు వచ్చిన రోజు మా అధికారి నన్ను గదిలోకి పిలిచి పావుగంట మాట్లాడారు. అతను మాత్రం ఆ కబురు మెయిల్‌లో చదువుకున్నాడు. నేను గదిలోంచి బయటికి వచ్చేసరికి లేచి నిలబడి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆ రోజు ఏడున్నరకు కాదు, సరిగ్గా ఆరింటికి టేబుల్ మీద లైటు ఆర్పి వెళ్లిపోయాడు.

'ది ప్రమోషన్'లో ఆ కుర్చీ చివరికి ఎవరికి దక్కిందో నేను చెప్పను. మీరు చూసి తెలుసుకోండి. ఈ ఏడాది జాబితా మీ టేబుల్ మీదికి వచ్చేలోపు, వీలైతే ఒక్కరే కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి చూడండి. చూశాక ఆ జాబితాలో పేరు లేని మనిషి ఎవరో ఒకసారి వెతకండి. ఆ మనిషి ఎక్కడ కూర్చుంటారో, మధ్యాహ్నం ఎవరితో భోజనానికి వెళుతున్నారో, ఈ మధ్య ఒక్కరే వెళుతున్నారేమో కనుక్కోండి.

ఇట్లు,
ఒకప్పుడు మీ జాబితాలో పేరు వచ్చిన ఒక ఉద్యోగి